నాన్న ఆటో మళ్లీ స్టార్టవుతుందా?

ఈ వారం ఉత్తరాల్లో ఒకటి ఏడు పేజీలుంది. రాసినావిడకి నలభై ఆరేళ్లు, బ్యాంకు ఉద్యోగం. ఉండేది పుట్టింటికి దూరంగా. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఆవిడ చెప్పిన సంగతులు కుదించి రాస్తున్నాను.

వాళ్ల నాన్నగారు 1983లో లోను పెట్టి ఒక బజాజ్ ఆటో కొన్నారు. వెనక ఇంజను, పెట్రోల్లో నూనె కలిపి నడిపే టూ స్ట్రోకు రకం. ఇరవై ఒక్క ఏళ్లు దాన్నే నడిపి ఇద్దరు పిల్లల్ని చదివించారు. 2004లో ఒకరోజు సాయంత్రం పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టి మళ్లీ తీయలేదు. ఎందుకు ఆపారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ గట్టిగా అడగలేదు. ఇప్పుడాయనకి డెబ్బై ఏడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి తగ్గింది గానీ కుడి చేతిలో పట్టు పూర్తిగా రాలేదు. రోజూ సాయంత్రం ఆ ఆటో వెనక సీట్లో కూర్చుని పేపరు చదువుతారు. ప్రతి దసరాకీ బండి కడిగించి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తారు. బండి కదలదు కాబట్టి ఆ నిమ్మకాయలు చితకవు, అక్కడే ఎండిపోతాయి.

తల్లిదండ్రులతో ఉంటున్నది తమ్ముడు. షెడ్డు పీకేసి ఆ జాగాలో రెండు గదులు వేయాలని అతని ఆలోచన. మాఘమాసంలో శంకుస్థాపనకి ముహూర్తం కూడా పెట్టించాడు. పాతసామాన్ల వాడు ఎనిమిది వేలిస్తానన్నాడు. హైవే మీద హోటల్ పెట్టిన ఒకాయన గేటు దగ్గర అలంకారంగా పెట్టుకోవడానికి నలభై వేలు ఇస్తానంటున్నాడు. అక్కకి మాత్రం దాన్ని బాగు చేయించి, వచ్చే దసరాకి నాన్నకి చెప్పకుండా స్టార్ట్ చేసి చూపించాలని ఉంది. అక్కాతమ్ముళ్లకి మాటా మాటా పెరిగింది. "సెలవులకొచ్చి నాలుగు రోజులుండి పోయేదానివి, నీకేం తెలుసు" అని తమ్ముడన్న మాట ఆవిడకి గుచ్చుకుంది. ఆ ఊళ్లో మెకానిక్ కుర్రాడేమో, "కొత్త పెట్రోలు పోసి, బైకుకి తాడు కట్టి లాగి గేరులో వేస్తే అదే అందుకుంటుందక్కా" అన్నాడట. ఏం చెయ్యమంటారు అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, ముందుగా ఒక్కటి బతిమాలి చెబుతున్నాను. ఆ తాడు మాత్రం కట్టనివ్వకండి.

ఇది నేను చేసి చూసిన తప్పు. మా మేనమామ స్కూటరు పన్నెండేళ్లు మూలన పడుంటే, నేనూ ఒక స్నేహితుడూ కలిసి ఇలాగే తోసి స్టార్ట్ చేశాం. మూడోసారికి అందుకుంది. నీలంగా పొగ, టకటకా చప్పుడు, మా ఆనందానికి అంతులేదు. నాలుగైదు నిమిషాలకి చప్పుడు సన్నబడి, టక్కున జామైపోయింది. ఇంజను పైమూత (హెడ్డు) విప్పి, పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరు లోపల వేలు పెడితే పైనుంచి కిందిదాకా ఒక గాడి. గోరు అందులో దిగి ఆగిపోయింది. రింగుల దగ్గర పట్టిన తుప్పు పిస్టన్‌తో పాటు కదిలి గోడని చీరేసింది. రెండు రోజులు ఓపిక పట్టి నూనె పోసుంటే ఆ బోరు మిగిలేది.

మీ ఉత్తరంలో మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి. బండి జాగా ఖాళీ చెయ్యడం ఒకటి, ఇంజను మళ్లీ మోగడం ఒకటి, నాన్నగారి మనసులో ఏముందో తెలుసుకోవడం ఒకటి. మూడింటికీ ఒకే జవాబు ఉండాలని మీరూ మీ తమ్ముడూ పట్టుబట్టడంతో గొడవ ఇంతదాకా వచ్చింది. అందుకే విడివిడిగా చెబుతాను.

ముందు నాన్నగారి సంగతి. చెప్పకుండా చేసి ఆశ్చర్యపరచాలన్న మీ కోరిక వెనక ఎంత ప్రేమ ఉందో ఉత్తరంలో ప్రతి పేజీలో కనిపిస్తోంది. అయినా ఆ ఒక్క భాగం మానుకోమనే నా సలహా. ఏళ్ల తరబడి ఆగిన బండి దగ్గరకొచ్చిన ఏ మెకానిక్ అయినా మొదట అడగాల్సింది "ఆపినప్పుడు ఎలా ఉంది?" అని. నడుస్తూ నడుస్తూ ఆపేసిన ఇంజనా? జామై ఆగిందా? గేరు జారుతోందని ఆపారా? ఆఖరిసారి బోరు చేయించింది ఎప్పుడు, ఇప్పుడున్న పిస్టన్ ఎన్నో సైజు? ఇవి తెలిస్తే సగం పని తేలిపోతుంది. తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు, రోజూ సాయంత్రం వెనక సీట్లో కూర్చుంటున్నారు. ఆయన్ని తప్పించి ఈ పని మొదలుపెడితే చీకట్లో వెతుక్కోవడమే.

ఇంకో కారణం కూడా ఉంది. ఎందుకు ఆపారో ఆయన చెప్పలేదన్నారు. అది ఒంట్లో ఓపిక అయిపోవడం కావచ్చు, కిరాయిలు పడిపోవడం కావచ్చు, మీకెవరికీ తెలియని ఇంకేదైనా కావచ్చు. ఆ చప్పుడు ఆయనకి ఏం గుర్తు తెస్తుందో మనం ఊహించి, పదిమంది ముందు హఠాత్తుగా వినిపించడం సరికాదు. పైగా ఆ బండి ఆయనది. అమ్మాలన్నా, తుప్పు పట్టనివ్వాలన్నా, మోగించాలన్నా మాట ఆయనదే. మీరిద్దరూ ఇంతవరకు ఒకరినొకరు అడిగారే గానీ ఆయన్ని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

అడగడం కష్టమైతే పెద్ద ప్రశ్నతో మొదలుపెట్టకండి. "నాన్నా, దీన్ని ఏం చేద్దాం?" అంటే "మీ ఇష్టం" అనేస్తారు, ఆ తరం మనుషులు అలాగే అంటారు. ఆయన పక్కన సీట్లో కూర్చుని "ఆఖరిసారి దీనికి ప్లగ్గు ఎప్పుడు మార్చావు?" అని అడిగి చూడండి. చేతిపని చేసి బతికినవాళ్లు పనిముట్టు గురించి అడిగితే నోరు విప్పుతారు. ఆ మాటల్లోనే మీకు కావాల్సిన మిగతావీ దొర్లుతాయి. "వద్దులే, అది అయిపోయింది" అంటే, ఆ మాట కూడా వినండి. అప్పుడు బండిని తుడిచి ఎక్కడో ఓ చోట నిలబెట్టి, ఆయన పేపరు చదువుకునే సీటు ఆయనకి మిగల్చడం కూడా మంచి నిర్ణయమే.

ఇక తమ్ముడి విషయం. అతనిలో నాకు దుర్మార్గమేమీ కనిపించలేదు. తల్లిదండ్రుల్ని రోజూ చూసుకుంటున్నది అతను. పక్షవాతం వచ్చిన రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లింది అతనేనని మీరే రాశారు. అతనికి కావాల్సింది పది అడుగుల జాగా. పాతసామాన్ల వాడిచ్చే ఎనిమిది వేల కోసం అతను ఇదంతా చేయట్లేదు. అందుకని ఇంజను జోలికి వెళ్లేముందు చక్రాలు తిరిగేలా చేయించండి. బండి కదిలితే పెరట్లో ఇంకో మూలకో, చుట్టాల ఇంటికో జరపొచ్చు, ముహూర్తం ఆగదు, ఇంజను గురించి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఈ పని ఇంజను పనంత భయపెట్టేది కాదు. ఇరవై ఏళ్లు ఒకే చోట గాలి లేకుండా నిలబడిన టైర్లు కింద చదునైపోయి, పక్కలు బీటలిచ్చి ఉంటాయి. గాలి కొట్టి సరిపెట్టొద్దు, టైర్లూ ట్యూబులూ మార్చండి. 4.00-8 సైజు ఇప్పటి ఆటోలకీ వాడుతున్నారు కాబట్టి దొరుకుతుంది. జాకీ పెట్టి ఎత్తినా చక్రం తిరగకపోతే బ్రేకు షూలు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కున్నట్టు. డ్రమ్ము చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి, ఒక రాత్రి వదిలేసి, చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టాలి. బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టించాలి. తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని చేయించండి. "నీ ముహూర్తం ఆగదు, దానికి నాదీ పూచీ" అని మీరే ముందు అంటే, గుచ్చుకున్న ఆ మాట కూడా కొంత మెత్తబడుతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఇంజను. నాన్నగారు సరేనంటేనే ఇది.

మొదట ప్లగ్గు విప్పించి ఆ రంధ్రంలో రెండు చెంచాల టూటీ ఆయిల్ (టూ స్ట్రోకు బండ్లకి పెట్రోల్లో కలిపే నూనె) పోయించండి. ఒక గుడ్డ ముక్క అడ్డం పెట్టి మూడు నాలుగు రోజులు వదిలేయాలి. స్టార్ట్ చేసే లీవరు లాగొద్దు, ఫ్లైవీలు ఫ్యాను పట్టుకుని చేత్తో కొంచెం ఇటూ అటూ తిప్పి చూడాలి. కదిలితే అదృష్టం. కదలకపోతే ఇంకో వారం నానబెట్టాలి. అప్పటికీ కదలకపోతే హెడ్డు విప్పి చూడాల్సిందే, పట్టుకారుతో బలవంతం చెయ్యొద్దు. బోరు గీత పడుంటే బోరింగ్ చేయించి, అంటే బోరుని కాస్త వెడల్పు చేయించి, పై సైజు పిస్టన్ వేయాలి. ఇప్పటికే ఆఖరి సైజుకి వెళ్లిపోయి ఉంటే వేరే బోరు వెతకాలి. పిస్టన్ సైజు నాన్నగారిని అడగమన్నది అందుకే.

ఆ నాలుగు రోజుల్లో గాలి దారులు చూడండి. ఈ ఇంజన్ని చల్లబరిచేది ఫ్యాను తోసే గాలి. బోరు మీదున్న రేకు తొడుగు కింద ఎలుకలు గుడ్డపేలికలతో, కొబ్బరి పీచుతో గూడు కట్టుకుని ఉండొచ్చు. అది చూసుకోకుండా స్టార్ట్ చేస్తే కాసేపట్లోనే ఇంజను వేడెక్కి జామైపోతుంది. సైలెన్సరు మూతిలో కందిరీగల మట్టిగూడు ఉండొచ్చు, పుల్లతో పొడిచి చూడండి. బజాజ్ వాళ్లు మొదట్లో ఇటలీ పియాజియో లైసెన్సుతో చేసింది వెస్పా స్కూటర్లు. ఇటాలియన్లో వెస్పా అంటే కందిరీగ, ఆ కంపెనీ మూడు చక్రాల బండి పేరు "ఆపే" (Ape), అంటే తేనెటీగ. వెస్పా వంశపు బండి సైలెన్సర్లో కందిరీగ కాపురం పెట్టడం నేను రెండుసార్లు చూశాను.

ట్యాంకు మూత తీస్తే పాత వార్నిష్ వాసన వచ్చిందని రాశారు. అది ఇరవై ఏళ్ల కిందటి పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన జిగురు. ట్యాంకు దింపి కడిగించాలి, అడుగున తుప్పుంటే గుప్పెడు నట్లు వేసి డీజిల్‌తో గిలకొట్టాలి. ఒకవేళ చిల్లు కనబడితే, డీజిల్‌తో కడిగినా సరే ట్యాంకుకి వెల్డింగ్ పెట్టనివ్వకండి. ఖాళీగా కనిపించే పెట్రోలు ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఇది ప్రాణం మీదకొచ్చే విషయం. కార్బొరేటర్ పూర్తిగా విప్పి కడిగించండి. జెట్లలో, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కల్లో, సూది పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక లెక్క తప్పినట్టే.

కరెంటు వైపు పని చిన్నది. ప్లగ్గుకి కరెంటు పుట్టించే మాగ్నెట్ లోపల, ఆ కరెంటుని తెంచి కలిపే పాయింట్ల మీద తెల్లటి పొర పట్టి ఉంటుంది. సన్న గరుకు కాగితంతో రుద్ది, గ్యాపు సుమారు 0.4 మి.మీ. పెట్టి, కండెన్సరు కొత్తది వేయించండి. ఎర్రగా, నీరసంగా కాకుండా నీలంగా గట్టిగా నిప్పు వస్తే చాలు.

నిజంగా డబ్బు ఖర్చయ్యేదీ, చాలామంది దాటవేసేదీ ఆయిల్ సీళ్లు. టూ స్ట్రోకు ఇంజన్లో పెట్రోలు మిశ్రమం క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఉండే గది గుండా బోరులోకి వెళుతుంది, కాబట్టి ఆ గది గాలి చొరకుండా ఉండాలి. క్రాంకుకి రెండు వైపులా ఉన్న రబ్బరు సీళ్లు ఇరవై ఏళ్లలో ఎండి గట్టిపడిపోతాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటిగాలి లాగి, యాక్సిలరేటర్ వదిలినా రేసు దిగదు, బోరు వేడెక్కి జామవుతుంది. గేరుబాక్సు వైపు సీలు పోతే గేరాయిలు లాగి, ఎంతసేపైనా తగ్గని తెల్లపొగ వస్తుంది. సీళ్లు మార్చాలంటే ఇంజను దింపి రెండుగా విప్పాలి. అందుకే ఈ పనికి ఒప్పుకునే ముందు ఆ మెకానిక్‌ని "సీళ్లు మారుస్తావా?" అని అడగండి. తడబడితే టూ స్ట్రోకు ఆటోల మీద చెయ్యి తిరిగిన పాత మేస్త్రీని వెతకండి. ప్రతి ఊరి ఆటో స్టాండులో అలాంటి ఒకరి పేరు తెలిసినవాళ్లుంటారు. మీ నాన్నగారికైతే తప్పకుండా తెలుసు.

ఆ కుర్రాడు నాలుగు స్ట్రోకుల బండ్ల మీద పెరిగినవాడు కావచ్చు కాబట్టి ఇదీ గట్టిగా చెప్పండి. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలపకుండా ఈ ఇంజను తిప్పకూడదు, పిస్టన్‌కీ క్రాంకుకీ నూనె దొరికేది అందులోంచే. మామూలుగా లీటరుకి 20 మి.లీ., మొదటిసారికి నేనైతే 30 పోస్తాను. పొగ ఎక్కువొస్తుంది, రానివ్వండి. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని లాగుతుంది, పాత రబ్బరు గొట్టాల్ని పాడుచేస్తుంది. గొట్టాలూ వాషర్లూ కొత్తవి వేసి, తిప్పడం అయ్యాక ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకుండా తీసేయండి. అసలు మొదటిసారి ట్యాంకే అక్కర్లేదు, ఒక సీసాలో కలిపి పైన వేలాడదీసి గొట్టం తగిలిస్తే సరిపోతుంది. గేరాయిలు మార్చి, షెడ్డు బయటకి తోసి, ఆరుబయట స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో ఆ పొగ పీలిస్తే ప్రమాదం.

ఇలా చేస్తే పెరట్లో మోగే బండి మీకు దక్కుతుంది. రోడ్డు మీదకి తేవాలంటే అది పూర్తిగా వేరే లెక్క. మూడు ఇంగ్లీషు అక్షరాల పాత నంబరు, కాగితం ఆర్సీ పుస్తకం అన్నారు. కిరాయి బండిగా రిజిస్టరైంది కాబట్టి ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్ మూడూ కావాలి. వాడకంలో లేదని అప్పట్లో రాసివ్వకపోతే పన్ను బకాయి ఉందేమో కూడా చూడాలి. ఆర్టీవో ఆఫీసుకి ఆర్సీ పట్టుకెళ్లి, ఈ నంబరు ఇప్పుడు వాళ్ల రికార్డులో ఏ స్థితిలో ఉందో అడగడం మొదటి అడుగు. "యాభై ఏళ్లు నిండితే వింటేజ్ నంబరు వస్తుంది, ఆగండి" అని ఎవరైనా చెబితే నమ్మి కూర్చోకండి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన సొంతానికి వాడే రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకి. మూడు చక్రాల కిరాయి ఆటో అందులోకి రాదు. పైగా యాక్సిలరేటర్ ఉండేది కుడి చేతిలో, నాన్నగారి బలహీనమైన చెయ్యి అదే. ఆయన నడపలేని బండికి రోడ్డు కాగితాల కోసం అంత తిరుగుడు, అంత ఖర్చు అవసరమా అన్నది మీరే ఆలోచించండి. నాకైతే అవసరం అనిపించలేదు.

హోటలాయన నలభై వేల మాట కొట్టిపారేయదగ్గది కాదు. కనీసం అక్కడ బండి బండిలా ఉంటుంది, ముక్కలు కాదు. కానీ అలంకారానికి పెట్టేవాళ్లు ఇంజను తీసి అమ్మేసి, రంగులు పూసి నిలబెడతారు, అది తెలిసే ఇవ్వాలి. పాతసామాన్లకి ఇస్తే ఆర్సీ రద్దు చేయించకుండా ఇవ్వకండి, ఆ నంబరు ఎక్కడ తిరిగినా బాధ్యత నాన్నగారి పేరు మీదే ఉంటుంది. ఎలా ఇచ్చినా ఆయన నోటితో "ఇచ్చెయ్యండి" అన్న తర్వాతే.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. తమ్ముడి మీద ఒక్క రూపాయి వేయకండి, మీరే పెట్టుకోండి. ఎంతవరకు పెట్టగలరో మొదటే అనుకుని అక్కడ ఆగండి. ఇంజను విప్పాక క్రాంకే పోయిందని తేలొచ్చు. అప్పుడు మోగని బండిని చక్రాల మీద నిలబెట్టి ఉంచుకోవడానికి కూడా మనసు సిద్ధంగా ఉండాలి.

ఈసారి ఊరెళ్లినప్పుడు రెండు రోజులు ఎక్కువ సెలవు పెట్టండి. మొదటి సాయంత్రం నాన్నగారి పక్కన కూర్చుని ప్లగ్గు గురించి అడగండి. రెండో రోజు ఆయన కుర్చీ షెడ్డు ముందు వేయించి, ఆయన చెబుతుంటే తమ్ముడూ మీరూ కలిసి చక్రాలు ఊడదీయించండి. దసరాకి ఇంజను పని అయినా కాకపోయినా, కొత్త టైర్ల మీద నలుగురు కలిసి తోస్తే ఆ నిమ్మకాయలు చితుకుతాయి. ప్లగ్గు రంధ్రంలో నూనె పోశాక ఫ్లైవీలు కదిలిందో లేదో నాకు రాయండి. కదలకపోతే హెడ్డు విప్పేముందు రాయండి.